రాళ్ళు ఆకాశం నుంచే పడ్డాయన్న లాయరు

రీల్స్‌లో ఒక వీడియో తరచూ తిరుగుతుంటుంది. లోహపు ప్లేటు మీద సన్నటి ఇసుక చల్లుతారు. ప్లేటు అంచు మీద వయొలిన్ కమానుతో గీస్తారు. ప్లేటు కూత పెడుతుంది, ఇసుక దానంతట అదే పరిగెత్తి అచ్చం ముగ్గు వేసినట్టు సర్దుకుంటుంది. వీటిని క్లాడ్నీ ఆకృతులు అంటారు. ఆ క్లాడ్నీ ఎవరా అని వెతకడం మొదలుపెడితే ముగ్గుల సంగతి పక్కకు పోయి, నాకు అంతకన్నా పెద్ద కథ దొరికింది. రాత్రిపూట ఆకాశంలో మండుతూ పోయే అగ్నిగోళాలకీ, పొలాల్లో పడి దొరికే నల్లటి రాళ్ళకీ సంబంధం ఉందనీ, రెండూ అంతరిక్షం నుంచే వస్తాయనీ గట్టిగా వాదిస్తూ పుస్తకం రాసింది ఈయనే. అదీ ఆ మాట అంటే నవ్విపోయే రోజుల్లో.

ఎర్నస్ట్ ఫ్లోరెన్స్ ఫ్రెడరిక్ క్లాడ్నీ 1756 నవంబర్ 30న జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి యూనివర్సిటీలో లా ప్రొఫెసర్. చాలా స్ట్రిక్టు. పిల్లాడిని ఒంటరిగా బయటికి కూడా పంపేవాడు కాదు. కొడుక్కి సంగీతం, సైన్సు ఇష్టం. తండ్రికి మాత్రం కొడుకు లాయరు కావాలి. (ఈ సీను మనకి కొత్తేం కాదు. అక్కడ లా, ఇక్కడ సీఎస్ఈ, అంతే తేడా.) క్లాడ్నీ ఎదురు చెప్పలేదు. లా చదివాడు, లైప్‌జిగ్‌లో డాక్టరేట్ కూడా తీసుకున్నాడు. మధ్యలో దొరికిన ఒక్క వెసులుబాటు సంగీతం. పంతొమ్మిదేళ్ళకి కీబోర్డు వాయిద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ వయసులో మొదలుపెడితే ఏం వస్తుందని అనేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉంటారు.

1782లో తండ్రి పోయాడు. కొన్నాళ్ళకే క్లాడ్నీ లా వదిలేశాడు. చేతిలో డబ్బుల్లేవు, ఉద్యోగం లేదు, ఎక్కడా ప్రొఫెసర్ పోస్టు రాలేదు. జీవితాంతం రాలేదు కూడా. సంగీతం గురించి తెలుసు కాబట్టి శబ్దం ఎలా పుడుతుందో చూద్దామనుకున్నాడు. అప్పటికి గొట్టింగెన్‌లో లిచ్టెన్‌బర్గ్ అనే ప్రొఫెసర్, కరెంటు పెట్టిన పలక మీద పొడి చల్లితే చెట్టు కొమ్మల్లాంటి ఆకారాలు వస్తాయని చూపించాడు. మనం సెమిస్టర్ ముందు రోజు నోట్సు తీయించుకునే జిరాక్స్ మెషిన్‌కి మూలసూత్రం అదే. కరెంటుతో పొడి ఆకారం దిద్దుకుంటే శబ్దంతో ఎందుకు దిద్దుకోదు అని క్లాడ్నీకి తట్టింది. ప్లేటు మీద ఇసుక, అంచున కమాను. కదిలే చోట్ల నుంచి ఇసుక ఎగిరిపోయి, కదలని గీతల మీద చేరుతుంది. 1787లో ఆ బొమ్మలతో పుస్తకం వేశాడు. చెవికి మాత్రమే తెలిసే శబ్దం కంటికి కనిపించడం అప్పట్లో మ్యాజిక్ లాంటిది.

తర్వాత గాజు కడ్డీలతో ఒక వాయిద్యం తయారు చేశాడు, దాని పేరు యూఫోన్. తడి వేళ్ళతో కడ్డీలను రుద్దితే మోగుతుంది. వాయిద్యం, ప్లేట్లు బండిలో వేసుకుని ఊరూరా తిరుగుతూ షోలు ఇవ్వడం, ఉపన్యాసాలు చెప్పడం, టికెట్ డబ్బులతో బతకడం, అదే ఆయన జీవనం. ఒక రకంగా ఫ్రీలాన్సర్. ఈ తిరుగుడే ఆయన్ని 1793 మొదట్లో గొట్టింగెన్ చేర్చింది.

ఇప్పుడు లిచ్టెన్‌బర్గ్ మళ్ళీ కథలోకి వస్తాడు. 1791 నవంబర్ 12 సాయంత్రం గొట్టింగెన్ ఆకాశంలో ఒక పెద్ద అగ్నిగోళం కనిపించింది, లిచ్టెన్‌బర్గ్ దాన్ని స్వయంగా చూశాడు. చుక్క రాలడం మనలో చాలామంది చూసే ఉంటారు, కన్ను ఆర్పేలోపు సన్నటి గీత గీసి పోతుంది. అగ్నిగోళం అలా కాదు. శుక్రుడి కన్నా ఎక్కువ వెలుగుతుంది, కొన్నిసార్లు నేల మీద నీడలు పడతాయి, రంగులు మారుతుంది, ముక్కలవుతుంది, ఆ తర్వాత నిమిషాలకి ఉరుము లాంటి చప్పుడు వినిపించవచ్చు. చూసినవాళ్ళు దాన్ని మర్చిపోలేరు. ఇద్దరూ కలిసినప్పుడు క్లాడ్నీ అడిగాడు, ఇంతకీ అవేమిటని. అప్పట్లో అందరూ చెప్పే జవాబు మెరుపుల్లాంటి కరెంటు వ్యవహారం అని. లిచ్టెన్‌బర్గ్ కూడా దాదాపు అదే చెప్పాడు, కానీ పాత రికార్డులు వెతికి చూడమని, అవి భూమికి బయటి నుంచి వచ్చేవి కూడా కావచ్చని ఒక చిన్న తలుపు తెరిచిపెట్టాడు.

క్లాడ్నీ టూరు ఆపేసి గొట్టింగెన్ లైబ్రరీలో కూర్చున్నాడు. యూరప్‌లో మంచి లైబ్రరీల్లో అదొకటి. మూడు వారాలు. పాత చరిత్ర గ్రంథాలు, సైన్స్ అకాడమీల పత్రికలు, ఊరి రికార్డులు తిరగేసి, ఇరవైకి పైగా అగ్నిగోళాల వివరాలు, రాళ్ళో ఇనుమో పడ్డాయని చెప్పే 18 సంఘటనలు పోగు చేశాడు. ప్రయోగం ఒక్కటీ లేదు. టెలిస్కోపు లేదు. ఎవరో ఎప్పుడో చూసి చెప్పిన మాటలే ఆయన డేటా మొత్తం.

ఇది ఎంత రిస్కో అర్థం కావాలంటే ఆ కాలం సైంటిస్టుల మూడ్ తెలియాలి. ఆకాశం నుంచి రాళ్ళు పడటం అనేది వాళ్ళ దృష్టిలో దెయ్యాల కథలతో సమానం. 1768లో ఫ్రాన్స్‌లో లూసే అనే చోట రాయి పడితే, దాన్ని పరీక్షించిన కమిటీలో సాక్షాత్తూ లవోజియే ఉన్నాడు. అది నేల మీద ఉన్న రాయే, పిడుగు పడి మాడిందని తేల్చారు. 1790 జూలై 24 రాత్రి అదే దేశంలో బార్బొటాన్ దగ్గర అగ్నిగోళం కనిపించి రాళ్ళ వాన కురిసింది. ఊరి మేయరు వందల మంది చూశారని కాగితం రాయించి పంపించాడు. దానికి జవాబుగా ఒక సైన్స్ పత్రిక ఎడిటర్, ఇలాంటి గాలి కబుర్లకి అధికారిక ముద్ర వేసినందుకు ఆ ఊరి మీద జాలిపడుతూ రాశాడు. న్యూటన్ తర్వాత ఆకాశమంటే గ్రహాలు, తోకచుక్కలు తప్ప ఏమీ లేని శుభ్రమైన ఖాళీ. అందులో రాళ్ళెక్కడివి? పైగా చూశామని చెప్పేది ఎవరు? రైతులు, పశువుల కాపర్లు, పల్లెటూరి పాదిరీలు.

నాకు క్లాడ్నీ నచ్చింది ఇక్కడే. తండ్రి బలవంతం మీద చదివిన లా ఇప్పుడు పనికొచ్చింది. సాక్షి చదువుకున్నాడా లేదా అన్నది ఆయన లెక్కలోకి తీసుకోలేదు. కోర్టులో సాక్ష్యాన్ని ఎలా తూకం వేస్తారో అలా చూశాడు. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు శతాబ్దాల్లో ఒకే వరస చెబుతున్నారు. ముందు మండే గోళం, తర్వాత పేలుడు, తర్వాత ఈలలాంటి శబ్దం, తర్వాత నేలలో దిగబడిన వేడి రాయి, దాని మీద నల్లటి పెచ్చు. వీళ్ళంతా కూడబలుక్కుని అబద్ధం చెప్పే అవకాశమే లేదు. అబద్ధమైతే ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చెప్పేవాళ్ళు, వివరాలు ఇంతగా కలిసేవి కావు.

ఆయన వాడుకున్న కేసుల్లో ఒకటి ఇప్పటి క్రొయేషియాలోని హ్రాషినా. 1751 మే 26 సాయంత్రం అక్కడ అగ్నిగోళం పగిలి రెండు ఇనుప ముద్దలు పడ్డాయి, పెద్దది దాదాపు 40 కిలోలు. జాగ్రెబ్ బిషప్ కార్యాలయం వాళ్ళు ఏడుగురు సాక్షులతో ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకున్నారు, ముద్దని వియన్నా పంపారు. నలభై ఏళ్ళ తర్వాత ఆ మ్యూజియం ఆయనే దీని గురించి రాస్తూ ఇనుము ఆకాశం నుంచి పడటమేమిటని ఎగతాళి చేశాడు. క్లాడ్నీ ఆ ఎగతాళి వ్యాసాన్నే తీసుకుని, అందులోని వాంగ్మూలాలను పక్కకి తీసి, వాటిని నమ్మాడు.

రెండో ఆయుధం లెక్క. 1783 ఆగస్టు 18న బ్రిటన్ మీదుగా ఒక భారీ అగ్నిగోళం పోయింది, చాలా ఊళ్ళ వాళ్ళు చూశారు. ఒకే వస్తువుని రెండు దూరపు ఊళ్ళ నుంచి చూస్తే రెండు వేర్వేరు కోణాల్లో కనిపిస్తుంది. ఊళ్ళ మధ్య దూరం తెలిస్తే ఎత్తు లెక్క కట్టేయొచ్చు, టెన్త్ క్లాస్ ట్రిగనామెట్రీ చాలు. అలా వచ్చిన ఎత్తు సుమారు 90 కిలోమీటర్లు. వేగం సెకనుకి ముప్ఫై కిలోమీటర్ల పైన. ఏ మేఘమూ అంత ఎత్తున ఉండదు. ఇక వేగం: భూమి ఆకర్షణ ఒక్కటే లాగితే ఎంత దూరం నుంచి పడ్డా వస్తువు వేగం సెకనుకి 11.2 కిలోమీటర్లు దాటదు. కాబట్టి అది వచ్చేటప్పటికే వేగంతో వస్తోంది, అంటే బయటి నుంచే వస్తోంది. గాలిలోకి దూసుకొచ్చి వేడెక్కి మండుతోంది. కరెంటు సిద్ధాంతం ఇక్కడ నిలబడదు.

ఇక సైబీరియా ఇనుము. 1749లో క్రాస్నొయార్స్క్ ప్రాంతంలో మెద్వెదెవ్ అనే కమ్మరికి కొండ మీద ఒక పెద్ద ముద్ద కనిపించింది. దాదాపు 700 కిలోలు, ఇనుము మధ్యలో పచ్చటి గాజు పూసల్లాంటి స్ఫటికాలు. ఏదో విలువైనదే అనుకుని మనిషి దాన్ని ఇంటిదాకా లాక్కొచ్చాడు, ఆ చలిలో, ఆ దారుల్లో! 1772లో పల్లాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దాన్ని చూసి లోకానికి తెలియజేశాడు. చుట్టుపక్కల అగ్నిపర్వతం లేదు, కొలిమి లేదు. మనిషి చేసింది కాదు, ఆ కొండది కాదు. మరైతే ఎక్కడిది? క్లాడ్నీ జవాబు: అదీ ఒకప్పటి అగ్నిగోళమే. పడటం ఎవరూ చూడలేదు, అంతే.

ఈ మొత్తం 1794లో పుస్తకంగా వచ్చింది. 63 పేజీలు. మన మినీ ప్రాజెక్టు రిపోర్టు కన్నా చిన్నది. అందులో ఇంకో ధైర్యం కూడా చేశాడు. అంతరిక్షం ఖాళీ కాదు, గ్రహాలుగా ముద్దకట్టని ముక్కలో, పగిలిన గ్రహాల శకలాలో అక్కడ తిరుగుతున్నాయి అన్నాడు. మొదటి గ్రహశకలం సెరెస్ కనిపించింది 1801 జనవరి 1న. అంటే ఏడేళ్ళ ముందే ఈ మాట.

స్పందన ఎలా ఉందంటే, దారి చూపిన లిచ్టెన్‌బర్గే మొదట తల పట్టుకున్నాడు. ఇలాంటిది రాసి పేరు చెడగొట్టుకున్నాడే అని బాధపడ్డాడు. మిగతావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. షోల మీద బతికే మనిషికి పేరు పోవడం అంటే అన్నం పోవడమే. ప్రొఫెసర్ అయితే నవ్వినా జీతం వస్తుంది, క్లాడ్నీకి ఆ భరోసా లేదు.

కానీ ఆకాశమే సాక్ష్యానికి దిగింది. పుస్తకం వచ్చిన కొద్ది నెలల్లోనే, 1794 జూన్ 16న ఇటలీలోని సియెనా దగ్గర రాళ్ళు పడ్డాయి. ఊరంతా చూశారు, చదువుకున్నవాళ్ళతో సహా. దురదృష్టం ఏంటంటే ముందు రోజే వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది, దాంతో కొందరు ఆ రాళ్ళని దాని ఖాతాలో వేశారు, అది అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరే. 1795 డిసెంబర్ 13న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక పొలంలో పాతిక కిలోల రాయి పడింది. అక్కడ అగ్నిపర్వతాల్లేవు. ఆ స్థలం యజమాని టోపమ్ చూసినవాళ్ళ దగ్గర వాంగ్మూలాలు రాయించి, రాయిని లండన్ తీసుకెళ్ళి టికెట్ పెట్టి చూపించాడు.

ఆ తర్వాతి సాక్ష్యం మన దేశానిది. 1798 డిసెంబర్ 19 రాత్రి కాశీ దగ్గర క్రాఖుత్ ప్రాంతంలో, మబ్బు తునక లేని ఆకాశంలో పెద్ద అగ్నిగోళం వెలిగి, ఉరిమినట్టు చప్పుడై, రాళ్ళు పడ్డాయి. వాటిలో కొన్ని ఇంగ్లండ్ చేరాయి. ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త కాశీ రాయి, సియెనా రాయి, యార్క్‌షైర్ రాయి, బొహీమియా నుంచి వచ్చిన ఒక రాయి పక్కపక్కన పెట్టి విశ్లేషించాడు. నాలుగు దేశాల రాళ్ళూ ఒకదానితో ఒకటి పోలుతున్నాయి, పడిన చోటి మట్టితో మాత్రం దేనికీ పోలిక లేదు. అన్నింట్లోని ఇనుములోనూ నికెల్ ఉంది. 1802లో ఇది అచ్చయింది. క్లాడ్నీ సాక్షులకి ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చిందన్నమాట. మన రాళ్ళు పడకపోయి ఉంటే ఆ రిపోర్టు ఎప్పుడొచ్చేదో!

1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లో లేగ్ల్ అనే ఊరి మీద పట్టపగలు దాదాపు మూడు వేల రాళ్ళు కురిశాయి. ప్రభుత్వం జాన్ బాప్టిస్ట్ బియో అనే 29 ఏళ్ళ శాస్త్రవేత్తని పంపింది. ఆయన కూడా ఊరూరా తిరిగి అందరినీ అడిగాడు, రాళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో మ్యాపు గీశాడు. అంతే, పారిస్ వాదన ఆగిపోయింది. రాళ్ళు పడతాయని ఒప్పుకున్నారు. ఎక్కడి నుంచి అన్నది ఇంకా గొడవే. లాప్లాస్ అంతటివాడు చంద్రుడి మీది అగ్నిపర్వతాలు విసురుతున్నాయేమో అన్నాడు.

మధ్యలో ఇద్దరు స్టూడెంట్ల గురించి చెప్పకుండా ఉండలేను. బ్రాండెస్, బెంజెన్‌బర్గ్, గొట్టింగెన్‌లో లిచ్టెన్‌బర్గ్ దగ్గర చదివేవాళ్ళు, ఇద్దరికీ 21 ఏళ్ళు. క్లాడ్నీ పుస్తకం చదివి, 1798 శరదృతువు రాత్రుల్లో కొన్ని కిలోమీటర్ల దూరంలో చెరో చోట కూర్చుని, టైము రాసుకుంటూ ఉల్కలు చూశారు. నాలుగు వందల దాకా చూస్తే ఇద్దరికీ ఒకే ఉల్క పడ్డవి 22 మాత్రమే. ఆ 22తో ఎత్తులు లెక్క కట్టి, మామూలు రాలే చుక్కలు కూడా పదుల కిలోమీటర్ల ఎత్తున మండుతాయని తేల్చారు. ఫండింగ్ లేదు, పరికరాలు లేవు, నిద్ర మాత్రం పోయింది.

క్లాడ్నీ ఇవన్నీ జరుగుతున్నప్పుడు ఏం చేస్తున్నాడంటే, తిరుగుతున్నాడు. క్లావిసిలిండర్ అనే ఇంకో వాయిద్యం చేశాడు. ఘన పదార్థాల్లో శబ్దవేగం లెక్క కట్టాడు. 1802లో శబ్దశాస్త్రం మీద పెద్ద పుస్తకం వేశాడు. 1809లో పారిస్‌లో నెపోలియన్ ముందు వాయించి, ఇసుక ముగ్గులు చూపించాడు. నెపోలియన్‌కి లెక్కలంటే ఇష్టం, ప్రశ్నలు గట్టిగానే అడిగాడట. పుస్తకాన్ని ఫ్రెంచిలోకి తెమ్మని ఆరు వేల ఫ్రాంకులు ఇచ్చాడు. ఆ ముగ్గుల వెనక గణితం ఏమిటో చెప్పినవాళ్ళకి బహుమతి కూడా ప్రకటింపజేశాడు. ఆ బహుమతి 1816లో సోఫీ జెర్మేన్ గెలుచుకుంది. ఆడపిల్ల అని కాలేజీలో చేర్చుకోకపోతే ఇంట్లోనే చదువుకున్న మనిషి ఆవిడ. ఆవిడ మీద వేరే వ్యాసం రాయాలి, వచ్చే సంచికకి ఎవరైనా తీసుకోండి.

అదే నెపోలియన్ యుద్ధాల్లో విట్టెన్‌బర్గ్ ముట్టడిలో చిక్కింది, క్లాడ్నీ ఊరు వదిలి పక్కనున్న చిన్న ఊరు కెంబర్గ్‌లో ఉండాల్సొచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. సంపాదనలో మిగిలింది ఉల్కారాళ్ళు కొనడానికీ, పోగు చేయడానికీ పోయేది. టూరులో ఏ ఊరు వెళ్ళినా మ్యూజియం ఎక్కడుంది, రాయి ఎవరి దగ్గరుంది అని వాకబు. 1819లో వియన్నా నుంచి రెండో పుస్తకం తెచ్చాడు. ఈసారి 63 పేజీలు కాదు, నాలుగు వందల పైన. ప్రాచీన కాలం నుంచి అప్పటిదాకా రికార్డయిన అగ్నిగోళాలు, పడిన రాళ్ళు, దొరికిన ఇనుము, వరసగా. వాటిలో కాశీ కూడా ఉంది.

2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద అగ్నిగోళం పేలినప్పుడు కార్ల డ్యాష్‌క్యామ్‌లు దాన్ని వందల వైపుల నుంచి పట్టేశాయి. ఆ వీడియోల్లోని కోణాల నుంచే దాని దారి, వేగం, అది సూర్యుడి చుట్టూ తిరిగిన కక్ష్య లెక్కకట్టారు. పద్ధతి అదే, వేర్వేరు చోట్ల నిలబడ్డ చాలామంది సాక్షులు. కాకపోతే ఆ సాక్షులని ఇప్పుడు ఎవరూ ప్రమాణం చేయమని అడగలేదు.

క్లాడ్నీ చివరి టూరులో బ్రెస్లావ్ వెళ్ళాడు, ఇప్పుడది పోలండ్‌లోని వ్రొత్స్వావ్. అక్కడే 1827 ఏప్రిల్ 3న హఠాత్తుగా చనిపోయాడు. వయసు 70. రాళ్ళు మాత్రం ముందే రాసిపెట్టిన విల్లు ప్రకారం బెర్లిన్ యూనివర్సిటీకి చేరాయి. ఒక్కసారి కూడా ప్రొఫెసర్‌గా తీసుకోని యూనివర్సిటీల లోకానికి ఆయన తన మొత్తం ఆస్తిలాంటి దాన్ని ఇచ్చి వెళ్ళాడు. ఆ సేకరణ ఇప్పుడు బెర్లిన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది.